తెల్లారేసరికి కోసిన కాజాలు

మార్చి 3

పొద్దున లేచి కొట్టులోకి వచ్చేసరికి చొక్కాకి కాజాలు కోసి ఉన్నాయి.

అన్నీ కాదు, రెండే. మిగతా చోట్ల నేను పెట్టిన జిగురు బొట్లు అలాగే ఎండిపోయి ఉన్నాయి.

ఎవరికన్నా చెబితే ముసలాడికి మతి పోయిందంటారు. అందుకని ఇందులో రాస్తున్నాను. గుడ్డల దుకాణం వాళ్లు ఏటా ఒక డైరీ ఇస్తారు. ఏటా మా ఆవిడ దాన్ని పట్టుకెళ్లి వేడి గిన్నెల కింద పెట్టుకునేది. ఈ ఏడు అడిగేవాళ్లు లేక నా బల్ల మీదే పడుంది.

నిన్న జరిగింది ఇంతే. బ్యాంకాయన చొక్కా పూర్తయింది. గుండీ పట్టీ లోపలివైపు, కాజా రావలసిన చోటల్లా చూపుడు వేలితో పిండి జిగురు బొట్టు పెట్టాను. చొక్కాని బల్ల మీద పరిచి, లైటు ఆర్పి, వెళ్లి పడుకున్నాను. పెళ్లయిన కొత్తల్నించీ చేస్తున్న పనే. తెల్లారేసరికి జిగురు ఎండి గుడ్డ బిరుసెక్కుతుంది, కోస్తే పోగులు లేవవు. ఆవిడ నాకంటే ముందు లేస్తుంది. నేను మొహం కడుక్కుని వచ్చేసరికి కాజాలు కోసి, అంచులు కుట్టి, చొక్కాని హ్యాంగరుకి తగిలించేస్తుంది. కత్తిరింపు నా వంతు, కాజా ఆవిడ వంతు. మా కాపురం అలా నడిచింది.

లేస్తుంది అని రాశాను. లేచేది.

ఆవిడ పోయాక చొక్కాల్ని బజారులో మెషిను కాజాలు వేసే కొట్టుకి పంపుతున్నాను. కాలర్లు అతికించడానికి తప్ప జిగురుతో పనే లేదు. మరి నిన్న ఆ బొట్లు ఎందుకు పెట్టానో నాకే తెలీదు. చేతికి అలవాటైన పని బుర్రనడిగి చెయ్యదు.

అంచులు కాస్త చిందరవందరగా ఉన్నాయి. చివరి ఏడాది ఆవిడకి కళ్లు సరిగా ఆనేవి కావు.

మార్చి 4

జిగురు పెట్టలేదు. ఏమీ లేదు.

మార్చి 5

పెట్టాను. మూడు కోసి ఉన్నాయి.

అంచులు నేనే కుట్టాను. చివరి ముడి మాత్రం నాకు రాదు. దారాన్ని వెనక్కి తిప్పి, దాంట్లోంచే దూర్చి లాగి, ఏదో చేసేది. కాజా ఎన్నేళ్లకీ ఊడేది కాదు. ఎన్నిసార్లు అడిగినా చూపించలేదు. "అది కూడా నీకొచ్చేస్తే ఇంక నాతో పనేముంది" అనేది. మామూలు ముడి వేసి వదిలేశాను.

మార్చి 7

బేకరీ ఆయన వచ్చి కూర్చున్నాడు. గోడకి అవతల ఇన్నేళ్లూ రొట్టెలు కాల్చాడు. మోకాళ్లు సహకరించక ఈమధ్యే పొయ్యి ఆర్పేశాడు. ఇప్పుడు పొద్దు పోక నా బుర్ర తింటున్నాడు. మనిషి చిక్కాడు. బెల్టు ఒక కన్నం లోపలికి వెళ్లింది. నేను మనుషుల్ని అలాగే చూస్తాను, వద్దనుకున్నా.

టీ తాగుతూ తాగుతూ గోడ వైపు చూశాడు. "ఆ గీత ఏంటి?"

గోడ వెంట, నేలకి కాస్త ఎత్తులో, జిడ్డుగా నల్లటి గీత ఉంది. తలుపు దగ్గర మొదలై, ఇస్త్రీ బల్ల వెనకనించి లోపలి గదిలోకి పోతుంది.

"నేల తుడిచేటప్పుడు తడిగుడ్డ తగిలిన మరక," అన్నాను.

"ఎవరు తుడుస్తున్నారు?"

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"ఎలకలయ్యా," అన్నాడు. "రోజూ ఒకే దారిన, గోడకి ఒళ్లు రాసుకుంటూ పోతాయి. వాటి ఒంటి జిడ్డే అది. నా దగ్గర తిండి ఉన్నన్నాళ్లూ నీ మొహం చూడలేదు. నా కొట్టు ఖాళీ అయ్యింది, నీ కొట్టుకి బదిలీ అయ్యాయి."

"నా దగ్గర తినడానికేముంది, దారమా?"

ఆయన బల్ల మీది జిగురు డబ్బా వైపు చూశాడు. దానికి మూత లేదు. "చెల్లెమ్మ ఉన్నప్పుడు ఇది ఇలా ఉండేది కాదు," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నా ఇల్లు శుభ్రంగా లేదనుకుంటే ఆ మాటే చెప్పొచ్చు కదా, ఇలా పిల్లి మీదా ఎలక మీదా పెట్టి అనడం దేనికి. పనుందని చెప్పి పంపేశాను.

మార్చి 8

అమ్మాయికి కాన్పయింది. ఆడపిల్ల.

అల్లుడు ఫోన్ చేశాడు. పిల్ల నెల ముందే వచ్చేసిందట, తూకం తక్కువట, కళ్లల్లో పెట్టుకుని చూసుకోవాలన్నారట. అతనికి ఓడ మీద పని, సెలవు అయిపోవచ్చింది. తల్లీ పిల్లా ఆసుపత్రినించి నేరుగా నా దగ్గరికే వస్తారు. "చీమ కుట్టినా తట్టుకోలేదు మావయ్యా, జాగ్రత్త," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ గొంతు వేరేగా ఉంది.

వెంటనే బజారుకెళ్లి ఫ్లానెల్ కొన్నాను. నిమ్మపండు రంగు, మీద తెల్ల చుక్కలు. అంత మెత్తటి గుడ్డ నా బల్ల మీదికి ఎప్పుడూ రాలేదు. ఆవిడుంటే ఈ రంగు మాసినట్టు ఇట్టే తెలిసిపోతుందని సణిగేది.

చొక్కాలు, చేతి తొడుగులు కత్తిరించాను. అరచెయ్యంత కూడా లేవు.

మార్చి 10

ఆవిడ మెషిను లోపలి గదిలో ఉంది. కింద చెక్క అర ఉన్న పాతకాలపు మెషిను. ఆ అరలో దారపు ఉండలు, దువ్వెన పెట్టుకునేది. పని మధ్యలో జుట్టు ఊడితే అక్కడే దువ్వుకుని మళ్లీ ముడేసుకునేది. ఆవిడ పోయిన రోజు దాని మీద దుప్పటి కప్పాను. ఇప్పటిదాకా తియ్యలేదు.

తెల్లవారుజామున అక్కణ్ణించి చప్పుడు వస్తోంది. చిన్నగా గీకినట్టు. ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. అరలో దేనికోసమో వెతుకుతున్నట్టు. నేను కళ్లు మూసుకుని పక్క మీదే ఉంటాను. ఒకసారి లేస్తే ఆగిపోయింది. అందుకే లేవను.

కిటికీ గట్టు మీద ఆవిడ మైనం బిళ్ల ఉంది. దానికి కొత్త గాట్లు పడ్డాయి. దారానికి మైనం పట్టిస్తే గాట్లు పడటం మామూలే. నేను దారానికి మైనం పట్టించను, అది ఆవిడ చాదస్తం.

నేల మీద నల్లగా, కోలగా గింజలు. బేకరీ ఆయన సంచుల్లోంచి రాలినవి కాబోలు. రోజూ ఊడుస్తున్నాను, రోజూ ఉంటున్నాయి. ఆయన బేకరీ మూసి నెల దాటింది.

మార్చి 11

ఫ్లానెల్ ముక్కలు బుట్టలో వేశాను. మనవరాలో మనవడో పుడితే ముక్కలన్నీ కలిపి బొంత కుట్టాలని ఆవిడ అంటూ ఉండేది. పొద్దున చూస్తే బుట్టలో పాంటు ముక్కలు, కాలరు అట్టలు ఉన్నాయి. ఫ్లానెల్ ముక్కలు మాత్రం లేవు. మెత్తటివి చూసి ఏరుకున్నారు.

ఏరుకున్నారు అని ఎవర్ని అన్నానో నాకు తెలుసు.

చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

మార్చి 12

బ్యాంకాయన మొన్నటి చొక్కా పట్టుకుని వచ్చాడు. "జేబుకి కాజా ఎందుకండీ?"

చూశాను. నిజమే. జేబు మధ్యలో, అంచు కుట్టిన కాజా. అక్కడ జిగురు చుక్క పడి ఉంటుంది. తెల్లారి కోసి ఉంటే కుట్టేశాను, ఎక్కడుందో కూడా చూసుకోలేదు.

"పెన్ను క్లిప్పు దూర్చుకోవడానికి," అన్నాను. "ఇప్పుడంతా ఇలాగే కుట్టించుకుంటున్నారు."

జేబులో పెన్ను పెట్టుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగాడు. ఇంకో చొక్కాకి కూడా అలాగే కావాలన్నాడు.

ఆవిడకి చెప్పాలి, పడీపడీ నవ్వుతుంది.

మార్చి 14

బేకరీ ఆయన మళ్లీ వచ్చాడు. నా కోపం ఆయనకి లెక్కలేదు. ఈసారి ఖాళీ చేతుల్తో రాలేదు, చెక్క మీద స్ప్రింగున్న ఎలకల బోను ఒకటి తెచ్చాడు. వద్దంటున్నా వినకుండా ఇల్లంతా తిరిగాడు. పెరటి తలుపు కింద సందు చూపించాడు. చేతులు కడుక్కునే తొట్టి కింద, గొట్టం గోడలోకి పోయే చోట కన్నం చూపించి అందులో బొటనవేలు పెట్టాడు.

"ఈ వేలు దూరితే చాలు, అది దూరుతుంది. దీంట్లో ఇనప పీచు గట్టిగా కుక్కి, పైన సిమెంటు పెట్టు. ఉత్త సిమెంటు పెడితే ఆరేలోగానే తవ్విపారేస్తుంది. తలుపు కిందకి రేకు కొట్టించు. మందు మాత్రం పెట్టకు. గోడలోకి పోయి చస్తాయి, కంపు భరించలేవు. పైగా పసిపిల్ల వస్తోంది."

"నా ఇంట్లో ఎలకల్లేవు."

"సరే. గోడవారన పిండి చల్లి పడుకో. పొద్దున అడుగులు లేకపోతే వచ్చి నన్ను తిట్టు, పడతాను. ఉంటే బోను పెట్టు. గోడకి ఆనించి పెట్టు, నడిమధ్య పెడితే అటు రాదు."

ఆయన వెళ్లాక బోనుని బీరువా మీద పెట్టేశాను. ఆవిడకి చూపానదు. చీకట్లో తడుముకుంటూ వస్తుంది. వేళ్లు పడితే?

మార్చి 15

పిండి చల్లాను. పొద్దున చూడకుండా ఊడ్చేశాను.

చూడకుండా ఎలా ఊడుస్తారు.

మార్చి 17

వచ్చారు.

పిల్ల చేతిలో పెడితే బరువు తెలీలేదు. గుడ్డని పట్టుకున్నట్టే ఉంది, లోపల ఒక వేడి ఉంది, అంతే. కళ్లు తెరిచి నన్ను చూసింది. ఎవర్నో చూసి ఎక్కడో చూశానే అనుకున్నట్టు మొహం పెట్టింది. ఆవిడ నుదురే వచ్చింది. కొట్టు మూసేసి పొద్దంతా దాని పక్కనే కూర్చున్నాను. అమ్మాయి నవ్వింది. "నా పెళ్లికి కూడా కొట్టు మూయలేదు నాన్నా నువ్వు."

గాలీ వెలుతురూ బాగుంటాయని వాళ్లకి లోపలి గదే ఇచ్చాను.

"ఇక్కడేదో వాసనొస్తోంది," అంది అమ్మాయి. "ముక్కిన వాసన. అమ్మ మెషిను కొట్టులోకి జరిపేద్దామా? తొట్టె ఇంకొంచెం లోపలికి వస్తుంది."

"దాన్ని కదపొద్దు."

"పోనీ దుప్పటన్నా తీసి దులపనీ."

"కదపొద్దన్నానా."

అమ్మాయి నా మొహం చూసి దుప్పటి వదిలేసింది. తల్లి పోయినప్పట్నించీ నాతో వాదించడం మానేసింది. మునుపైతే ఇద్దరూ కలిసి నా నెత్తికెక్కేవాళ్లు.

మార్చి 19

అమ్మాయి అడిగింది. "నాన్నా, తెల్లారకముందే మెషిను దగ్గరేం చేస్తున్నావు? పిల్ల ఉలిక్కిపడుతోంది."

నేను కాదనబోయాను. "దారం కోసం," అన్నాను.

అంటే దానికీ వినపడుతోంది. నాకొక్కడికే కాదు.

మార్చి 20

పిల్ల పసుప్పచ్చ చొక్కా మెడ దగ్గర, పాలు కారి ఎండిన చోట, ఒక కాజా ఉంది. నేను అక్కడ జిగురు పెట్టలేదు.

అమ్మాయి స్నానానికి వెళ్లినప్పుడు గబగబా అంచు కుట్టేశాను. వచ్చి చూసి, "ఇక్కడ కాజా ఎందుకు?" అంది.

"పైన ఇంకో గుండీ పెడదామని. చలిగాలి తగలకుండా."

"అమ్మలాగే తయారయ్యావు," అంది. పిల్లని ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది.

మనవరాల్ని చూడాలని ఉండదా మరి? ఎవరికి మాత్రం ఉండదు. వచ్చి చూసింది. తనకి తెలిసిన పనేదో చేసి వెళ్లింది. దీంట్లో తప్పేముంది.

మార్చి 21

బేకరీ ఆయన పిల్లని చూడ్డానికి వచ్చాడు. పిల్లకంటే ఎక్కువ గోడలే చూశాడు. "బోను పెట్టావా?" అన్నాడు. పెట్టానన్నాను. "ఏమన్నా పడిందా?" లేదన్నాను. అమ్మాయి వినకుండా గొంతు తగ్గించి, "అవి పాల వాసనకి వస్తాయి, నీకు తెలీదు," అన్నాడు.

ఆయన వెళ్లేదాకా పిల్ల కాళ్లకి మేజోళ్లు తొడుగుతూ కూర్చున్నాను. తొడగడం అయిపోయినా తల ఎత్తలేదు.

మార్చి 22

రాయడానికేం లేదు.

మార్చి 23

పొద్దున పిల్ల ఏడుపుకి నేనే ముందు వెళ్లాను. అమ్మాయి ఒళ్లెరక్క నిద్రపోతోంది. కుడిచేతి తొడుగు కొసన కాజా ఉంది. పిల్ల ఆ చెయ్యే నోట్లో పెట్టుకుని చీకుతూ ఉంటుంది, తొడుగు ఎప్పుడూ పాలతో తడిసి ఉంటుంది. తొడుగు తీశాను. బొటనవేలి మీద ఎర్రటి చుక్క.

తొడుగు జేబులో పెట్టుకుని కొత్తది వెయ్యబోతుంటే అమ్మాయి లేచింది. వేలు చూసింది. గోరు గీసుకుందన్నాను. "పసిపిల్లల గోళ్లు పదునుగా ఉంటాయి కదా," అంది నిద్రమత్తులో.

వచ్చి బల్ల దగ్గర కూర్చుని అదే రాశాను. గోరు గీసుకుంది.

గోళ్లు గీసుకోకూడదనే కదా చేతికి తొడుగు వేసింది. నేనే కదా కుట్టింది.

జేబులోంచి తీసి కిటికీ వెలుగులో పెట్టాను. కత్తెర కోస్తే పోగులన్నీ ఒకే గీతలో తెగుతాయి. ఇక్కడ ఒక్కో పోగూ ఒక్కో పొడుగున తెగింది, అంచు అంతా నలిగి ఉంది. బ్యాంకాయన చొక్కా మీదా ఇంతే ఉంది. మూడో తారీఖున చూసినప్పుడే ఇంతే ఉంది. గుడ్డ చూసి కోసింది కొత్త కత్తెరో పాత కత్తెరో చెప్పేవాణ్ణి, పన్ను కోసిందని తెలీదా? చివరి ఏడాది కళ్లు ఆనలేదని రాసుకున్నాను. కళ్లు ఆనకపోయినా ఆవిడ కోత ఏనాడూ వంకర పోలేదు. ఆవిడ మీద చాడీ రాసుకున్నాను.

ఇప్పుడు వెళ్లి అమ్మాయికి చెప్పాలి.

మార్చి 24

చెప్పాను. "అమ్మాయీ, అది గోరు కాదు. ఎలక కొరికింది. లే, ఆసుపత్రికి పోదాం."

అమ్మాయి చివాల్న లేచింది. పిల్ల వేలు సబ్బుతో కడిగి, దుప్పట్లో చుట్టి, చెప్పులు కూడా లేకుండా బయల్దేరింది. చెప్పులు నేను పట్టుకుని వెనక పరిగెత్తాను.

డాక్టరమ్మ వేలిని తిప్పి తిప్పి చూసింది. గాటు చిన్నదే, కానీ పిల్ల చిన్నది కదా అంది. జ్వరం వస్తుందేమో చూడాలి, ఇక్కడే ఉంచండంది. మందు ఎక్కించడానికి నరం దొరక్క నర్సు తంటాలు పడింది. పిల్ల ఏడుపు కూడా గట్టిగా రాలేదు. ఆ చేతికి పెద్ద కట్టు కట్టారు, చెయ్యి కంటే కట్టే పెద్దది.

నడవాలో బెంచీ మీద కూర్చున్నాక అమ్మాయి అడిగింది. "నీకెప్పట్నించి తెలుసు?"

"మీరు రాకముందునించీ."

"తెలిసి మమ్మల్ని ఆ గదిలో పడుకోబెట్టావా?"

"మీ అమ్మ అనుకున్నాను."

నా చేతిలోంచి చెప్పులు తీసుకుని తొడుక్కుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"అమ్మ ఉంటే మన ఇంట్లో ఎలక అడుగు పెట్టేదా నాన్నా?" అంది.

ఇంటికొచ్చే దారంతా ఆ మాటే వినపడింది. సాయంత్రం కాగానే ఆవిడ జిగురు డబ్బా మూత బిగించేది. బల్ల తడిగుడ్డతో తుడిచేది. నేను పరిచి వెళ్లిన చొక్కాల్ని తీసి ఎత్తున తీగకి వేసేది. ముక్కల్ని రేకు డబ్బాలో పెట్టేది. తలుపు కింద గుడ్డ కుక్కేది. ఎందుకే ఇంత చాదస్తం అనేవాణ్ణి. ఆవిడ లేదు కాబట్టే అవి వచ్చాయి. వాటిని చూసి ఆవిడుందనుకున్నాను. చొక్కా తిరగేసి తొడుక్కుని ఊరంతా తిరిగినవాణ్ణి నేను.

దారిలోనే బేకరీ ఆయన ఇంటికెళ్లి తలుపు కొట్టాను.

మార్చి 25

దుప్పటి నేనే తీశాను. అర తలుపు కూడా నేనే తీస్తానన్నాను. ఆయన కర్ర పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

అర వెనక చెక్కకి పిడికిలి పట్టేంత కంత కొరికి ఉంది. లోపల గూడు ఉంది. నిమ్మపండు రంగు ఫ్లానెల్ ముక్కలు, సన్నగా చీల్చి, చుట్టూ గుండ్రంగా అల్లినట్టు పేర్చి ఉన్నాయి. మధ్యలో అన్ని రంగుల దారాలు. అన్నిటికంటే లోపల, మెత్తగా ఉండేచోట, నెరిసిన జుట్టు. దువ్వెన అరలోనే ఉంది, పళ్లు ఖాళీగా ఉన్నాయి. ఆ జుట్టులో ఎలక పిల్లలు ముడుచుకుని పడుకుని ఉన్నాయి. వెంట్రుకలింకా రాలేదు, కళ్లు తెరవలేదు. మా పిల్ల లాగే ఎర్రగా ఉన్నాయి.

మనవరాలికి కుట్టాల్సిన బొంత.

నేను గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. బేకరీ ఆయన కర్ర నా పక్కన పెట్టాడు. తోలు చేతొడుగులు వేసుకుని పిల్లల్ని సంచిలోకి తీసుకుని పెరట్లోకి వెళ్లాడు. ఏం చేశాడో నేను అడగలేదు.

గూడుని కర్రతో బయటికి లాగుతుంటే ఒక ముక్క విడిగా పడింది. ఫ్లానెల్ ముక్కే, రెండు వేళ్ల వెడల్పు. దానికి కాజా ఉంది. కొరికింది కాదు. సూటిగా కోసి, చుట్టూ కుట్టి, చివర ముడి వేసి ఉంది.

ఆవిడ ముడి.

ఆ గుడ్డ నేను కొన్నది ఆవిడ పోయాక.

బేకరీ ఆయనకి చూపించాను. ఆయనకి కాజా గొడవ తెలీదు. "అందులోనే వేసెయ్," అన్నాడు. ఒకసారి గట్టిగా పట్టుకుని, గూటితోపాటు పెరట్లో మంటలో వేశాను. చిన్న పిల్ల వేలు కొరికిన దాని పడక అది. ఎవరు కుట్టినా సరే.

మార్చి 26

పిల్లకి జ్వరం. కొంచెమే అంటున్నారు. కొంచెమంటే ఎంతో చెప్పరు.

బోనులో రొట్టెముక్కకి జిగురు రాసి, గోడకి ఆనించి పెట్టాను. బోను స్ప్రింగు లాగేటప్పుడు ఆవిడ వేళ్లు గుర్తొచ్చాయి, అయినా పెట్టాను.

మార్చి 27

పడింది. పెద్దది, ఆడది. పొట్ట వేలాడుతోంది. తన పిల్లల కోసం ఇల్లంతా వెతుక్కుంది కాబోలు. పూడ్చేసి చేతులు కడుక్కున్నాను. మళ్లీ కడుక్కున్నాను.

మార్చి 28

జ్వరం తగ్గింది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. వచ్చేపోయేవాళ్లు ఎవరో పోయారనుకుని పక్కకి తప్పుకున్నారు.

సాయంత్రం తొట్టి కింద కన్నంలో ఇనప పీచు కుక్కాను, సిమెంటు పెట్టాను. తలుపు కిందకి రేకు కొట్టాను. మురుగు గొట్టానికి జాలీ వేశాను. గోడమీది నల్ల గీత సబ్బు నీళ్లతో రుద్ది రుద్ది పోగొట్టాను. గీత మళ్లీ కనిపిస్తే మళ్లీ వచ్చాయన్నమాట, అందుకే ఒక్క మరక కూడా మిగల్చొద్దని బేకరీ ఆయన చెప్పాడు. అర చెక్క మార్పించాను. దువ్వెన పారేశాను.

మార్చి 31

పిండి చల్లాను. పొద్దున మోకాళ్ల మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, మూలమూలా చూశాను. ఒక్క అడుగు లేదు.

తెల్లవారుజామున మెలకువొచ్చింది. చప్పుడేమీ లేదు. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలీదు.

ఏప్రిల్ 2

తల్లీ పిల్లా వచ్చారు. అమ్మాయి ముందు తను లోపలికొచ్చి, మంచాల కిందా తలుపుల వెనకా చూసుకుని, తర్వాత పిల్లని లోపలికి తెచ్చింది. నాతో అవసరమైన మాటలే మాట్లాడుతోంది. సరే. అది దాని హక్కు.

భోజనాల దగ్గర ఆ ముక్క సంగతి చెప్పాను. ముడి సంగతీ చెప్పాను.

"నువ్వే కుట్టి ఉంటావు నాన్నా," అంది.

"నాకు ఆ ముడి రాదమ్మా."

అది తినడం ఆపి నా వైపు చూసింది. ఈసారి ఆ చూపులో కోపం లేదు. "కుట్టే ఉంటావు," అంది మెల్లగా.

ఏప్రిల్ 4

పిల్లకి కొత్త చొక్కా. తెల్ల నూలు, ఒకే ఒక గుండీ. మెషిను కాజా గరుగ్గా ఉంటుంది, మెడకి ఒరుసుకుంటుంది. జిగురు పెట్టలేదు. పగటి వెలుగులో, అమ్మాయి చూస్తుండగా, బల్ల దగ్గర కూర్చుని కాజా నేనే కోశాను. చుట్టూ కుట్టుకుంటూ వచ్చాను. చివరికొచ్చేసరికి పిల్ల కదిలింది. ఏడుస్తుందేమోనని తొట్టె వైపు చూస్తూ ఉండిపోయాను. ఏడవలేదు. బొటనవేలు నోట్లో పెట్టుకుని మళ్లీ పడుకుంది. గాటు మానిపోయింది, దగ్గరగా చూస్తే తప్ప తెలీదు.

మళ్లీ చొక్కా వైపు చూసేసరికి ముడి పడి ఉంది. వెనక్కి తిప్పి, దాంట్లోంచే దూర్చి లాగిన ముడి. సూది నా చేతిలోనే ఉంది.

ఎలా వేశానో చూద్దామని ఇంకో గుడ్డ మీద ప్రయత్నించాను. రాలేదు. పిల్లని చూస్తూ వేస్తే వచ్చింది.

అమ్మాయికి చూపించాను. ముడి మీద వేలు పెట్టి చాలాసేపు తడిమింది. తర్వాత నా భుజం మీద తల పెట్టుకుంది. అది కూడా నాకొచ్చేసింది, ఆవిడ ఇంక రాదని నాకు అప్పుడు తెలిసింది.

బల్ల తడిగుడ్డతో తుడిచాను. ముక్కలు రేకు డబ్బాలో వేశాను. జిగురు డబ్బాకి మూత బిగించాను.